గుండెపోటు తర్వాత నడక: ఎంత వేగం సరిపోతుంది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 58 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే ఒక స్టెంట్ వేశారు. మెటోప్రొలాల్‌తో సహా ఐదు రకాల మాత్రలు వాడుతున్నాను. రోజూ తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తాను. నాతో నడిచే మిత్రులు 220లోంచి వయసు తీసివేసి, అందులో 70 నుంచి 85 శాతం వరకు గుండె కొట్టుకుంటేనే అది వ్యాయామం అంటున్నారు. నా చేతి గడియారంలో మాత్రం ఆయాసం వచ్చేదాకా నడిచినా 100 దాటడం లేదు. వేగం ఇంకా పెంచాలా? దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కవచ్చా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వేగం పెంచకండి. మీ మిత్రులు చెప్పిన లెక్క మీకు వర్తించదు. 220లోంచి వయసు తీసివేయడమన్నది ఆరోగ్యవంతుల సగటు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరు ఆరోగ్యవంతుల మధ్యనే ఆ అంకె పది, పన్నెండు తేడాగా ఉండడం మామూలు. పైగా మీరు వాడుతున్న మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ల జాతి మందు. నడక మొదలవగానే అడ్రినలిన్ గుండెను తొందరపెట్టబోతే, ఈ మందు ఆ తాకిడి గుండెకు పూర్తిగా తగలకుండా అడ్డుపడుతుంది. అందుకే ఒళ్లు కష్టపడుతున్నా నాడి నెమ్మదిగానే ఉంటుంది. అంకె పెరగడం లేదని మాత్ర మానేసే వాళ్లను చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపితే ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు, మరోసారి గుండెపోటుకూ దారితీయవచ్చు.

మీకు పనికొచ్చే అంకె మీ సొంత ట్రెడ్‌మిల్ పరీక్షలోంచే రావాలి. ఆ పరీక్షను రోజూ వేసుకునే మాత్రలు రోజూ వేసుకునే వేళకే వేసుకుని చేయించుకోవాలి. ఫిన్లండ్‌కు చెందిన కార్వోనెన్ బృందం 1957లో ప్రచురించిన పద్ధతినే మేము నేటికీ వాడుతున్నాం. ఉదాహరణకు, విశ్రాంతిలో మీ నాడి 64, పరీక్షలో ఎలాంటి ఇబ్బందీ లేకుండా చేరిన గరిష్ఠం 124 అనుకుందాం. రెండింటికీ తేడా 60. అందులో 40 శాతం, అంటే 24, విశ్రాంతి నాడికి కలిపితే 88. 60 శాతం కలిపితే 100. తొలి నెలల్లో నడకకు ఈ 88–100 మధ్య సరిపోతుంది, ఆ తర్వాత మీ వైద్యుడు క్రమంగా పెంచుతారు. మిత్రుల లెక్క ప్రకారమైతే మీరు 113 నుంచి 138 వరకు వెళ్లాలి. అందులో పై అంకె, ఈ ఉదాహరణలోని మనిషి గుండె పరీక్షలో కూడా చేరనిది. పరీక్షలో ఒకానొక నాడి దగ్గర ఛాతీ బిగిసినా, ఈసీజీలో రక్తప్రసరణ తగ్గిన గుర్తులు కనిపించినా, హద్దు దానికి కనీసం పది కిందే ఉండాలి.

ఈ అంకె కంటే నేను ఎక్కువగా నమ్మేది మీ ఒంటి మాటను. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన కొలబద్ద 6 నుంచి 20 వరకు ఉంటుంది. 6 అంటే ఏ శ్రమా లేదు, 11 అంటే తేలిక, 13 అంటే కొంచెం కష్టం, 15 అంటే కష్టం. మీరు 11కూ 13కూ మధ్య ఉండాలి. కాళ్ల నొప్పినీ ఊపిరినీ విడివిడిగా కాకుండా, మొత్తం శ్రమను కలిపి ఒకే అంకెగా చెప్పుకోవాలి. పక్కన నడిచేవారు చెప్పిన అంకె మనకు పనికిరాదు. ఇంకో తేలిక ఉపాయం ఉంది. నడుస్తూనే చిన్నప్పుడు నేర్చుకున్న వేమన పద్యం ఒకటి పైకి చెప్పండి. నాలుగు పాదాలూ సాఫీగా వస్తే వేగం సరైనదే. పాదం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించండి. మీరు రాసిన ఆయాసం అలాంటిదైతే, గడియారం 95 చూపుతున్నా ఆ వేగం మీకు ఎక్కువే. ఆయాసం ఇటీవలే మొదలైనా, రోజురోజుకూ పెరుగుతున్నా పరీక్ష తేదీ దాకా ఆగకుండా వైద్యుణ్ని కలవండి.

గడియారం తప్పు చూపుతుందని అనుమానమైతే, నడక ఆపిన వెంటనే మణికట్టు మీద బొటనవేలి మొదలు వైపున చూపుడువేలు, మధ్యవేలు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆలస్యం చేస్తే నాడి దిగిపోతుంది. బొటనవేలితో చూడకూడదు, దాని నాడే మీకు తగులుతుంది. పట్టీ వదులుగా ఉన్నా గడియారం పొరబడుతుంది.

మెట్ల సంగతి వేరు. మెట్లెక్కేటప్పుడు శ్రమ ఒక్కసారిగా పెరుగుతుంది, నాడి దాన్ని ఆలస్యంగా అందుకుంటుంది. కాబట్టి ట్రెడ్‌మిల్ పరీక్ష ఫలితం చూసి వైద్యుడు సరేననేవరకు కొండ మీదికి వాహనంలోనే వెళ్లి దర్శనం చేసుకోండి. మే నెల ఎండల్లో సమతలం మీద కూడా పాత వేగం పట్టుకోవద్దు. చర్మాన్ని చల్లబరచడానికే గుండె అదనంగా పని చేయాల్సి వస్తుంది. ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే కూర్చోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసిచ్చి ఉంటే వాడండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయించండి.

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. గుండెపోటు తర్వాత ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) కూడా ఉందన్నారు. నాడి చూస్తే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. నడకను దేనితో కొలవాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ లయలో నాడి క్రమం తప్పి కొట్టుకుంటుంది కాబట్టి 15 సెకన్ల లెక్క అమ్మగారికి పనికిరాదు, విశ్రాంతిలో చూసినా పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. నడకకు మాత్రం పైన చెప్పిన బోర్గ్ అంకె, మాట పరీక్ష వాడండి. మీరు పక్కన నడుస్తూ ఆమెను ఏదో ఒకటి మాట్లాడించండి. ఆమె ముక్తసరిగా జవాబు చెప్పడం మొదలుపెడితే, అడగకుండానే మీరు నడక నెమ్మదించండి.