మన కాలేజీ టీమ్ మూడు పాయింట్లతో ఓడితే నిద్ర పట్టకపోవడం మామూలేనా?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో ఎంఎస్ చేస్తున్నారు. ఏడాది కిందటిదాకా వాళ్ళ ఫుట్‌బాల్ (బంతి చేత్తో పట్టుకుని ఆడేది) రూల్స్ కూడా తెలియవు. మొన్న శనివారం మీ యూనివర్సిటీ టీమ్ ఆఖరి నిమిషంలో ఓడిపోయింది. అప్పట్నుంచి అన్నం సహించట్లేదు, రూమ్మేట్లు ఆటపట్టిస్తున్నారు. ఇది పిచ్చా, మామూలేనా అని.

మామూలే. నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన వెధవ పని కూడా ఒకటుంది. దాన్ని చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను.

నేను అలబామా రాష్ట్రంలో ఆబర్న్‌లో చదివాను. అక్కడ రెండు పెద్ద యూనివర్సిటీలు: మాది ఆబర్న్, రెండోది యూనివర్సిటీ ఆఫ్ అలబామా. రాష్ట్రానికి ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీమ్ లేదు కాబట్టి ప్రేమైనా పగైనా అంతా ఈ రెండు కాలేజీ టీముల మీదే. ఏటా నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం ఇద్దరూ ఆడతారు. ఆ గేమ్‌ని ఐరన్ బౌల్ అంటారు. భార్యాభర్తలు చెరో పక్షమైతే ఆ రోజు ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది కూడా సమస్యే.

2023లో ఆ గేమ్‌కి ముందు వారం మా అపార్ట్‌మెంట్‌లో ఎలా గడిచిందో చెప్పాలి. నవంబర్ 18, శనివారం: న్యూ మెక్సికో స్టేట్ అనే చిన్న టీమ్ మా గ్రౌండ్‌కే వచ్చి ఆబర్న్‌ని 31-10తో చితగ్గొట్టి పోయింది. "వీళ్ళు ఈ ఏడాది ఇంతేరా" అనుకుని పులిహోర తిని పడుకున్నాం. పడుకున్నాం అంటే రెండింటికి అలారం పెట్టుకుని. తెల్లవారుజామున 2:30కి అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్ మొదలు. పొద్దున పదింటికల్లా అదీ అయిపోయింది. ఇండియా 240కి ఆలౌట్, ట్రావిస్ హెడ్ 137, ఆరు వికెట్ల తేడా. ఆ రోజు మా నలుగురిలో ఒక్కడూ సరిగ్గా మాట్లాడలేదు. కానీ సోమవారానికి తేరుకున్నాం. సగం మ్యాచ్ అయ్యేసరికే విషయం అర్థమైపోయింది కదా, మనసు అప్పట్నుంచే సర్దుకోవడం మొదలుపెట్టింది.

నవంబర్ 25 గేమ్‌లో అలా సర్దుకునే వీలు దొరకలేదు.

ఎవరూ మా మీద ఆశ పెట్టుకోలేదు. అలబామా అప్పటికి ఒక్క గేమే ఓడింది. మేమేమో దాదాపు సగం గెలిచి సగం ఓడి పన్నెండో గేమ్‌కి వచ్చాం. అయినా ఆనవాయితీ ప్రకారం నేను వాల్‌మార్ట్‌లో పన్నెండు టాయిలెట్ పేపర్ రోల్స్ ప్యాకెట్ కొని గదిలో పెట్టాను. నవ్వకండి. ఆబర్న్ గెలిస్తే ఊరంతా టూమర్స్ కార్నర్ అనే కూడలికి చేరి అక్కడి ఓక్ చెట్ల మీదికి టాయిలెట్ పేపర్ విసురుతుంది. చెట్లు తెల్లగా, సంక్రాంతికి పత్తి చేను చూసినట్టు ఉంటాయి.

జోర్డన్ హేర్ స్టేడియంలో 88,043 మంది పడతారు. ఆ రోజు ఖాళీ కనిపించలేదు. మధ్యాహ్నం రెండున్నరకు మొదలైంది, చీకటి పడే వేళకు మేం 24-20తో ముందున్నాం. ఐదు నిమిషాల లోపే టైముంది. అలబామా ముందుకు కదల్లేక బంతిని పంట్ చేసింది, అంటే మా వల్ల కాలేదు మీరు ఆడుకోండి అని దూరంగా తన్నేసింది. మా కుర్రాడు పట్టుకోబోయాడు. బంతి చేతుల్లోంచి జారింది. అలబామా వాడు దాని మీద పడ్డాడు. బంతి మళ్ళీ వాళ్ళదైపోయింది.

ఆ కుర్రాడి పేరు నేను రాయను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ తర్వాత అలబామా మా గోల్ లైన్ దగ్గరిదాకా వచ్చింది. కానీ స్నాప్ (ఆట మొదలుపెడుతూ బంతిని వెనక్కి అందించడం) ఒకటి గతి తప్పి 18 గజాలు వెనక్కి పోయారు. తర్వాత వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) జేలెన్ మిల్‌రో, ఆట మొదలైన గీత దాటాక పాస్ విసిరితే పెనాల్టీ పడింది. మిగిలింది నాలుగో ప్రయత్నం, ఆఖరిది, పోవాల్సిన దూరం 31 గజాలు. మన భాషలో చెప్పాలంటే ఆఖరి బంతికి సిక్సర్ కావాలి, బ్యాటింగ్‌కి పదకొండో నంబర్ వాడు వచ్చాడు. నా ముందు వరసలో ఒకమ్మాయి గెలుపు క్షణాన్ని పట్టుకోవడానికి ఫోన్ తీసి రికార్డింగ్ మొదలుపెట్టింది. నా చేతిలో నారింజ, నీలం రంగు కుచ్చు. అందరం ఊపుతున్నాం.

మా వాళ్ళు మిల్‌రో మీదికి ఇద్దర్నే పంపి మిగతా వాళ్ళందర్నీ వెనక నిలబెట్టారు. దాంతో అతనికి కావలసినంత తీరిక దొరికింది. అటు చూశాడు, ఇటు చూశాడు, విసిరాడు. ఎండ్ జోన్ (గోల్ లైన్ అవతలి భాగం, అక్కడ పట్టుకుంటే స్కోరు) వెనక మూలలో వాళ్ళ ఐజయా బాండ్ పట్టుకున్నాడు. 32 సెకన్లు మిగిలాయి. 27-24.

స్టేడియంలో ఒక మూల అలబామా వాళ్ళ అరుపులు తప్ప ఇంకేం వినపడలేదు. ఆ అమ్మాయి ఫోన్ ఇంకా రికార్డ్ చేస్తూనే ఉంది, చెయ్యి కిందికి వేలాడుతోంది, స్క్రీన్ మీద ఆమె బూట్లు, పక్కన ఒలికిన కోక్. ఎవరో వెనక నుంచి "ఇద్దర్నే ఎందుకు పంపారు, ఇద్దర్నే ఎందుకు" అని ఏడుపు గొంతుతో అంటూనే ఉన్నారు. అప్పుడు నేను మా రూమ్మేట్‌తో తెలుగులో అన్న మాట: "ఓడిపోయాం రా." పోయిన వారం 31-10తో ఓడింది "వీళ్ళు". ఈ వారం ఓడింది "మనం". ఎప్పుడు పార్టీ మారానో నాకే తెలియలేదు.

గదికి వచ్చేసరికి ఇండియాలో ఆదివారం పొద్దున. ఖమ్మంలో మా నాన్న వాకింగ్‌కి బయల్దేరే టైము. "ఏందిరా, గొంతు అట్లుంది?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆటేమిటో ఆయనకి అర్థం కాలేదు గానీ ఓటమి అర్థమైంది. "షార్జా లాంటిదన్నమాట" అన్నాడు. 1986 ఏప్రిల్ 18, ఆఖరి బంతికి నాలుగు కావాలి, చేతన్ శర్మ ఫుల్‌టాస్, మియాందాద్ సిక్సర్. అది చూసి రాత్రి అన్నం తినలేదని చెప్పి, ఆగి, ఇంకో మాట అన్నాడు: "మరుసటేడు వరల్డ్ కప్పుల ఆయన హ్యాట్రిక్ తీసిండు. వరల్డ్ కప్పుల మొదటి హ్యాట్రిక్ అదే. మేం మాత్రం ఇయ్యాల్టికీ ఆ ఫుల్‌టాసే తిడుతుంటం."

ఆ మాట విని కూడా నేను బుద్ధి తెచ్చుకోలేదు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో పంట్ జారవిడిచిన కుర్రాడి గురించి ఇక్కడ రాయలేని మాటలు రాశాను. తెలుగులోనే కాబట్టి ఆ అబ్బాయికి చేరవు అనే ధైర్యం. అతనూ నాలాగే మా క్యాంపస్‌లో తిరిగే స్టూడెంటే, నాకంటే చిన్నవాడేమో కూడా. పదేళ్ళ ముందు, 2013లో, ఇదే స్టేడియంలో అలబామా కిక్ గోల్ దాకా రాకపోతే మా వాడు క్రిస్ డేవిస్ ఆ బంతిని పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తి గెలిపించాడు, 34-28. ఆబర్న్‌లో దాన్ని ఇప్పటికీ పండగలా చెప్పుకుంటారు. ఎవరూ చెప్పుకోనిది ఇంకోటుంది. అదే రోజు అంతకుముందు కిక్‌లు మిస్ చేసిన అలబామా కిక్కర్‌కి చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. ఆఖరికి మాజీ ప్రెసిడెంట్ జార్జ్ బుష్ అతనికి ధైర్యం చెప్తూ చేత్తో ఉత్తరం రాశాడు. ఆ కుర్రాడి జెర్సీ నంబర్ 43, బుష్ 43వ ప్రెసిడెంట్.

2010లోనైతే చెట్లే బలైపోయాయి. అలబామా 24-0తో ముందుండి 28-27తో ఓడింది. ఒక్క పాయింటు. ఆ తర్వాత హార్వే అప్‌డైక్ అనే అలబామా అభిమాని వచ్చి టూమర్స్ కార్నర్ ఓక్ చెట్ల మొదట్లో కలుపు మందు పోసి, రేడియో షోకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. నూట ముప్పై ఏళ్ళ చెట్లు. బతికించడానికి చాలా ప్రయత్నించి, 2013లో కొట్టేశారు. అతను జైలుకి వెళ్ళాడు. ఇప్పుడు మేం పేపర్ విసిరేవి తర్వాత నాటిన చెట్లు.

సరే, నా వెధవ పని సంగతి. నేను టీచింగ్ అసిస్టెంట్‌ని. ఆదివారం సాయంత్రానికి బ్యాచిలర్స్ పిల్లల అసైన్‌మెంట్లు 38 దిద్దాలి. దిద్దాను. మధ్యమధ్యలో ఫోన్ తీసి ఆ 31 గజాల వీడియో చూడటం, మళ్ళీ దిద్దడం. ఒకతను లెక్క అంతా సరిగ్గా చేసి చివర యూనిట్స్ రాయలేదు, ఇరవైకి నాలుగు మార్కులు కోసేశాను. మామూలుగా అయితే అరమార్కు తీసేవాణ్ణి.

మంగళవారం ఆ కుర్రాడే ఆఫీస్ అవర్స్‌కి వచ్చి చాలా మర్యాదగా అడిగాడు: "నాలుగా?" తలమీద ఆబర్న్ టోపీ. వాడికీ వారాంతం నాలాగే గడిచి ఉంటుంది. ఏదో సర్ది చెప్పి పంపించి, రాత్రి మొత్తం 38 మళ్ళీ దిద్దాను. పదకొండు మందికి మార్కులు పెరిగాయి. ఒక్కరికీ తగ్గలేదు. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

కొన్నాళ్ళకి ఒక పరిశోధన చదివాను. ఓజ్కాన్ ఎరెన్, నాజీ మోకాన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించారు. లూసియానాలో బాల నేరస్తుల కేసులు తీసుకుని చూస్తే, ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఫుట్‌బాల్ టీమ్ గెలుస్తుందనుకున్న గేమ్ ఓడిన తర్వాతి వారంలో జడ్జీలు వేసిన శిక్షలు ఎక్కువ కాలానివట. ఎల్ఎస్‌యూలో చదువుకున్న జడ్జీల్లో ఆ ప్రభావం కనిపించిందట. ఎర్ర పెన్ను పట్టుకున్న నాకే ఇంత ఉంటే వాళ్ళకి ఉండదా అనుకున్నాను. కానీ ఆ పిల్లలకి మళ్ళీ దిద్దేవాళ్ళు ఎవరు?

అందుకే మీకు చెప్పేది: నిద్ర పట్టకపోతే పట్టకపోనివ్వండి, పోయేదేం లేదు. అన్నం సహించకపోతే పెరుగన్నం తినండి. మీ యూనివర్సిటీలో మీకంటే పాత అభిమాని ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. వాళ్ళ దగ్గర ఇంతకంటే ఘోరమైనది ఒకటి ఉండి తీరుతుంది. మా దగ్గరైతే 2021ది చెప్తారు. ఇదే గ్రౌండ్, 24 సెకన్లుండగా అలబామా స్కోరు సమం చేసి, నాలుగు ఓవర్‌టైముల (అదనపు ఆట) తర్వాత 24-22తో గెలిచింది. రూమ్మేట్లు నవ్వితే నవ్వనివ్వండి, వచ్చే ఐపీఎల్‌లో చూసుకోవచ్చు. ఆ ఆటగాడి ఇన్‌స్టాగ్రామ్ పేజీకి మాత్రం వెళ్ళకండి, మెచ్చుకోవడానికి కూడా ఈ వారం వద్దు. గ్రేడింగ్, కోడ్ రివ్యూ, చెల్లెలికి చదువు గురించి సలహా, ఇలాంటి పనులుంటే బుధవారం దాకా ఆపండి. గిన్నెలు తోముకోండి, బట్టలు ఉతుక్కోండి, అవి ఏమీ అనుకోవు.

అన్నట్టు, ఆ పన్నెండు రోల్స్. గెలుపు కోసం కొన్నవి కదా అని వారం రోజులు ఎవరూ ముట్టుకోలేదు. డిసెంబర్ మొదట్లో గదిలో పేపర్ అయిపోతే మా గుంటూరు రూమ్మేట్ ప్యాకెట్ చింపి, "చెట్టుకి రాసిపెట్టి లేదు" అన్నాడు. ఫిబ్రవరి దాకా వచ్చాయి.