స్నేహితులతో సెమినార్ పెట్టుకుంటే పీహెచ్‌డీకి పనికొస్తుందా?

ప్రశ్న: మాది బరంపురం. ఎమ్మెస్సీ గణితం మొదటి ఏడాది చదువుతున్నాను. ఆరుగురం కలిసి గణితం, కంప్యూటింగ్ మీద వారం వారం సెమినార్ పెట్టుకుందామనుకుంటున్నాం. ఆ సమయం నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష)కి చదువుకోమంటున్నారు మా నాన్నగారు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్టుకోండి. వినేవాళ్లకు పట్టేది వారానికి ఒక గంట. చెప్పేవాళ్లకు తయారీకి ఎనిమిది, పది గంటలు పట్టినా, ఆ వంతు ఆరు వారాలకోసారే వస్తుంది. ఈ లెక్క నాన్నగారికి చెప్పండి. ఇంకో మాట కూడా. సీఎస్‌ఐఆర్ నెట్ గణితం పార్ట్ సిలో సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు. సిద్ధాంతంలో ఒక షరతు తీసేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లే అక్కడ గట్టెక్కుతారు. బోర్డు దగ్గర స్నేహితులు అడిగేదీ అదే.

ఇలాంటి సెమినార్లు ఎక్కువగా దెబ్బతినేది మొదటి అంశం దగ్గరే. ప్రధాన సంఖ్యల పరీక్ష, అంటే ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో తేల్చడం, అనగానే 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చిన ఏకేఎస్ అల్గారిథమ్ ఎత్తుకుంటారు. ఇరవై నిమిషాలకు వినేవాళ్లు దారి తప్పుతారు, రెండో వారం సగం మంది రారు. దానికి బదులు 341 తీసుకోండి. అది 11×31. అయినా 2 ఆధారంగా ఫెర్మా పరీక్షలో (p రెండు కాని ప్రధాన సంఖ్య అయితే 2^(p-1)ని p తో భాగిస్తే శేషం 1 రావాలి) ప్రధాన సంఖ్యలాగే నెగ్గుతుంది. ఎందుకంటే 1024లోంచి 1 తీసేస్తే 3×341, కాబట్టి 341తో భాగిస్తే 2^10 శేషం 1, 2^340 శేషమూ 1. మరి పట్టుకోవడమెలా? 2^85 శేషం 32. దాని వర్గం 1024, శేషం మళ్లీ 1. ప్రధాన సంఖ్యతో భాగిస్తే, వర్గం శేషం 1 అయ్యే శేషాలు 1, -1 మాత్రమే. 32 ఈ రెండూ కాదు, దొంగ దొరికాడు! ప్రధాన సంఖ్యలను తేల్చే మిల్లర్-రాబిన్ పరీక్షకు కీలకం ఇదే. చివరి పది నిమిషాలు పైథాన్‌లో చూపించండి. పెద్ద ఘాతాలకు pow అనే ఫంక్షన్‌కి మూడో విలువగా మాడ్యులస్ (భాగించే సంఖ్య) ఇవ్వాలి. ముందు ఘాతం మొత్తం లెక్కగట్టి తర్వాత శేషం తీస్తే మెమరీ చాలదు.

నలభై అయిదు నిమిషాలు చెప్పడం, పదిహేను ప్రశ్నలు. స్లైడ్లు వద్దు, సుద్దముక్కే మేలు. చేత్తో రాసే వేగమే అర్థం చేసుకునే వేగం. సంజ్ఞలు, పదాలు ఇంగ్లీషులో రాసి, వివరణ తెలుగో ఒడియానో కలిపి చెప్పుకోండి. ఒక మాస్టారిని పిలిచి వెనక బెంచీలో కూర్చోమనండి, కానీ ముందు విద్యార్థులే అడగాలి. ఆయన మొదలుపెడితే మిగతావాళ్లు నోరు విప్పరు. సెమిస్టర్ పరీక్షల ముందు మూడు వారాలు ఆపేసి, మళ్లీ మొదలయ్యే తేదీ, చెప్పేవారి పేరు ముందే రాసుకోండి. లేకపోతే అది అక్కడితో ఆగిపోతుంది.

చెప్పినవారు మూడు రోజుల్లో లేటెక్ (గణిత సూత్రాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్)లో నాలుగు పేజీల నోట్స్ రాయాలి, అడిగినా జవాబు దొరకని ప్రశ్నలతో సహా. సర్టిఫికెట్లు అచ్చువేయకండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మీరు బోర్డు దగ్గరికి వెళ్లి వివరించగలిగేది ఈ నోట్సే. మాస్టారు సిఫారసు లేఖలో మీ గురించి ఖచ్చితంగా రాయగలిగేదీ వీటివల్లే. అయిదారు వారాలు నడిచాక, మీ బరంపురం ఐసర్‌ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ)కి నోట్స్ పంపి, అక్కడి పరిశోధక విద్యార్థిని ఒక గంట చెప్పమని అడగండి.