స్పోర్ట్స్ కారుకి ఏ బ్రేక్ ప్యాడ్లు వేయాలి?

రోజూ రోడ్డు మీద, అప్పుడప్పుడు ట్రాక్ మీద నడిపే కారుకి కంపెనీ ప్యాడ్ల బదులు ఏవి వేయాలన్నది ప్రశ్న. బ్రాండ్ కన్నా ముందు, ప్యాడ్ ఏ ఉష్ణోగ్రతల మధ్య బాగా పనిచేస్తుందో చూడండి. రేసింగ్ ప్యాడ్లు రోడ్డుకి వద్దు. అవి వేడెక్కితేనే సరిగ్గా పట్టుకుంటాయి. పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర కారు అనుకున్న చోట ఆగకపోవచ్చు. పైగా కీచుమనే గోల, డిస్కుల అరుగుదల అదనం.

రోడ్డుకే అయితే సెరామిక్ చాలు, దుమ్ము తక్కువ. ట్రాక్ కూడా ఉంటే వేడిని ఎక్కువ తట్టుకునే సెమీ మెటాలిక్ (లోహం కలిపిన) రకం నయం.

చాలా ప్యాడ్ల అంచున ‘ఎఫ్ఎఫ్’ లాంటి రెండక్షరాల కోడ్ ఉంటుంది. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా వేడెక్కాక ఘర్షణ ఎంతో చెబుతుంది. ‘ఎఫ్’ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45 వరకు. ఈ కోడ్ అరుగుదల గురించి ఏమీ చెప్పదు. పట్టు ఎక్కువున్న ప్యాడ్లు వెనక చక్రాలకి మాత్రమే వేయకండి, ఆ చక్రాలు ముందు చక్రాల కన్నా మొదట లాక్ అయి (తిరగడం ఆగి) కారు గిర్రున తిరిగిపోతుంది.

ట్రాక్‌కి వెళ్లేముందు బ్రేక్ ఆయిల్ కూడా మార్చండి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. అప్పుడు ఆయిల్ మరిగిందంటే ఎంత ఖరీదైన ప్యాడ్లున్నా పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.