కొత్త కిడ్నీ ఆలస్యంగా మేలుకుంటే

ప్రశ్న: మా అన్నయ్యకి బ్రెయిన్‌డెడ్ అయిన దాత కిడ్నీని విశాఖలో అమర్చి పదకొండు రోజులైంది. మూత్రం రోజుకి 300 మిల్లీలీటర్లే వస్తోంది. డయాలసిస్ ఆపలేదు. కిడ్నీ పాడైపోయిందని ఊళ్లో అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కంచిలి

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండమ్మా. మార్పిడి అయిన మొదటి వారంలో ఒక్కసారి డయాలసిస్ అవసరమైనా దాన్ని 'డిలేయ్డ్ గ్రాఫ్ట్ ఫంక్షన్' (కొత్త కిడ్నీ ఆలస్యంగా పని మొదలుపెట్టడం) అంటారు. బ్రెయిన్‌డెడ్ దాతల కిడ్నీల్లో ఇది తరచూ కనిపించేదే. ఇంట్లోవాళ్లు ఇచ్చిన కిడ్నీలో మాత్రం అరుదు.

దాత నుంచి తీసిన కిడ్నీని చల్లటి ద్రావణంలో, ఐసులో ఉంచుతారు. రక్తం అందని ఆ గంటల్లో లోపలి సన్నటి గొట్టాల కణాలు దెబ్బతింటాయి. మళ్లీ రక్తం పారగానే ఆక్సిజన్ ఒక్కసారిగా చేరి ఇంకో దెబ్బ కొడుతుంది. రాలిన కణాలు గొట్టాల్లో అడ్డుపడి మూత్రం ఆగుతుంది. అయితే ఈ కణాలు మళ్లీ పుడతాయి. చాలామందిలో ఒకటి నుంచి మూడు వారాల్లో కిడ్నీ మేలుకుంటుంది. దాత వయసు మీరినా, దాతకి బీపీ ఉన్నా, కిడ్నీ ఐసులో 20 గంటలు దాటి ఉన్నా ఆలస్యం ఎక్కువ.

శ్రీకాకుళంలో దాత దొరికితే అవయవం విశాఖ చేరడానికి రెండు మూడు గంటలు చాలు. కిడ్నీ ఐసులో ఉండే సమయంలో ఎక్కువ పోయేది, దాత కిడ్నీ రోగికి సరిపడుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షకి, రోగి ఇంటి నుంచి బయల్దేరడానికి, ఆపరేషన్‌కి ముందు డయాలసిస్‌కి. జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) జాబితాలో ఉన్నవాళ్లు ఫోన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి, అర్ధరాత్రి పిలిచినా వచ్చే బండి ముందే మాట్లాడుకోవాలి.

మీరు డాక్టరుగారితో ఒక సంగతి తప్పక చెప్పండి. ఆపరేషన్‌కి ముందు మీ అన్నయ్యకి రోజుకి ఎంత మూత్రం వచ్చేది? అప్పుడూ 300 వచ్చుంటే, ఇప్పుడు వస్తున్నది లోపలే ఉన్న పాత కిడ్నీలది కావచ్చు.

కిడ్నీకి రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ అయిందా అని అడగండి. రక్తనాళంలో గడ్డ కట్టినా, మూత్రనాళం దగ్గర లీకైనా, కిడ్నీ చుట్టూ నీరు చేరినా పైకి ఇలాగే కనిపిస్తుంది. బయాప్సీ అంటే భయపడొద్దు. డయాలసిస్ జరుగుతుండగా క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన, రక్తంలోని వ్యర్థం) చూసి రిజెక్షన్‌ని, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదని ఎదిరించడాన్ని, పట్టలేం. అందుకే వారం, పది రోజులు దాటినా కిడ్నీ మేలుకోకపోతే సన్నటి సూదితో ముక్క తీసి చూస్తారు. నిద్రపోతున్న కిడ్నీలో రిజెక్షన్ దాక్కోవడమే అసలు ప్రమాదం. రిజెక్షన్ రాకుండా వాడే టాక్రోలిమస్ మందు మోతాదు ఎక్కువైనా కిడ్నీ రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి రక్తంలో దాని లెవెల్ కూడా చూస్తారు. డయాలసిస్‌లో నీరు మరీ ఎక్కువ లాగి బీపీ పడిపోతే కొత్త కిడ్నీకి మళ్లీ దెబ్బే. కళ్లు తిరిగితే వెంటనే చెప్పమనండి.

మేలుకునేటప్పుడు ముందు మూత్రం పెరుగుతుంది, తర్వాత క్రియాటినిన్ దిగుతుంది. కొందరికి రోజుకి మూడు నాలుగు లీటర్లు కూడా పోతుంది. ఏళ్ల తరబడి నీళ్లు కొలుచుకు తాగిన అలవాటు అప్పుడు పనికిరాదు, డాక్టరు చెప్పినంతా తాగాల్సిందే. కొద్దిమందిలో కిడ్నీ అసలు మేలుకోదన్నదీ నిజమే. కానీ పదకొండో రోజున ఆ తీర్పు ఎవరూ ఇవ్వలేరు.

ప్రశ్న: నాన్నగారికి కిడ్నీ రెండు వారాలు ఆలస్యంగా పనిచేసింది. ఆరు నెలలైంది, క్రియాటినిన్ 1.8. ఎన్నాళ్లు నిలుస్తుంది? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఆలస్యమైన కిడ్నీలకి రిజెక్షన్ ముప్పు, తొందరగా పోయే ముప్పు కొంత ఎక్కువే. అనేక అధ్యయనాలు కలిపి చూస్తే కిడ్నీ పోయే ముప్పు 40 శాతం దాకా పెరిగింది. అంటే నూటికి పది పోయేచోట పద్నాలుగు. ఆలస్యం ఎన్ని రోజులు సాగితే ముప్పు అంత. రిజెక్షన్ రాకుండా గడిచినవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి బాగానే ఉంటారు.

1.8 అంకె కన్నా అది కదలకుండా ఉండటం ముఖ్యం. ఒకే ల్యాబులో చేయించి పుస్తకంలో రాయండి. 2.2 దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి. టాక్రోలిమస్ 12 గంటలకోసారి పడాలి. లెవెల్ పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి, లేకపోతే అంకె తప్పుగా వస్తుంది. మందుల షాపులో 'అదే మందు, వేరే కంపెనీ' అంటే డాక్టరుని అడక్కుండా తీసుకోవద్దు. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వద్దేవద్దు, ఆర్ఎంపీ ఇచ్చినా సరే. క్లారిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్, పంపర పనస టాక్రోలిమస్‌ని పెంచుతాయి. టీబీ మందు రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గుతుంది, టాక్రోలిమస్ పెరుగుతుంది. ఒక్కరోజు కూడా ఇంట్లో చూద్దామనుకోవద్దు.

ప్రశ్న: మార్పిడి అయినాక జీడితోట పని చేయొచ్చా? – ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మొదటి మూడు నెలలు బరువులు ఎత్తొద్దు. ఆరు నెలల దాకా కుళ్లిన ఆకు తిరగేసే పని, పేడ ఎరువు పని వేరేవాళ్లకి వదిలేయండి. వాటిలోని బూజు ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది. ఆ తర్వాత కూడా మాస్కు, చేతి తొడుగులు, బూట్లు ఉండాలి. మీ ఉద్దానం ప్రాంతంలో కనిపించే కిడ్నీ జబ్బుకి మూలకారణం ఇంకా తేలలేదు. ఎండలో నీరు తగ్గడం మాత్రం ఏ కిడ్నీకైనా చేటే. తెల్లవారుజామునే పని ముగించుకుని, ఎండెక్కకముందే ఇంటికి వచ్చేయండి.