మురళికి: సర్కారు డాబాల మీద సౌర విద్యుత్తు గురించి
చిరంజీవి మురళికి ఆశీస్సులు.

విశాఖ నగరపాలక సంస్థ భవనాలపై సౌర విద్యుత్ పనులు నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ముడసర్లోవ జలాశయంపై 2018లోనే 2 మెగావాట్ల తేలియాడే ప్లాంటు వచ్చిన ఊరు కనుక, పైవాళ్లు నిన్ను అడిగేది ఎన్ని కిలోవాట్లు పెట్టావనే. నువ్వు మాత్రం ఒక్కో భవనం ఏడాది కరెంటు బిల్లులు తెప్పించుకుని, పగటిపూట వాడకం ఎంతో తేల్చుకున్నాకే అంకె చెప్పు. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. ఆఫీసులకు ఈ లెక్క సరిపోతుంది కానీ, ఎండ దండిగా కాసే వేసవిలో బడులకు సెలవులు కనుక, అక్కడ నెట్ మీటరు (వాడగా మిగిలిన కరెంటును లైనుకు పంపి, బిల్లులో లెక్క కట్టే మీటరు) మంజూరు కాకుండా సౌర పలకలు బిగించవద్దు.

డాబా పరిశీలనకు డిసెంబరులో, ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకూ స్వయంగా ఎక్కు; పిట్టగోడ, నీళ్ల ట్యాంకుల నీడలు అప్పుడే బాగా సాగుతాయి. ఒక్క పలకపై నీడ పడినా ఆ వరుసంతటి ఉత్పత్తి తగ్గవచ్చు. కారే శ్లాబు ఉంటే ముందు దాన్ని బాగుచేయించు, ఎందుకంటే పాతికేళ్లు ఉండవలసిన పలకలను మధ్యలో విప్పించడం మహా ఖర్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటిన తీరం మనది. ఫ్రేములు తుపాను గాలికి తట్టుకుంటాయని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రాయించుకో. ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టు ఎంతో కాలం ఆగదు. తల చుట్టూ తుప్పు పట్టి, వాన పడ్డప్పుడల్లా సున్నం గోడ మీదికి ఎర్రటి చారలు దిగుతాయి. కాంట్రాక్టరు ఎంత బతిమాలినా స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వేయించు.

ఆసుపత్రుల వాళ్లకు మాత్రం ఒక సంగతి ముందే చెప్పాలి. లైన్‌మన్‌ల ప్రాణరక్షణ కోసం, లైనులో కరెంటు పోగానే బ్యాటరీ లేని సౌర ప్లాంటు కూడా ఆగిపోతుంది. కాబట్టి జనరేటరు తీసేయమనే ఉత్సాహవంతుల మాట వినవద్దు.

అయిదేళ్ల నిర్వహణను టెండరులోనే చేర్చు. రెట్టలు, దుమ్ము, ఉప్పుపొర పేరుకుంటే ఉత్పత్తి పడిపోతుంది. పలకలు కాలకముందు, తెల్లవారుజామునే కడగాలి. డాబా మీద కుళాయి పెట్టించకపోతే మూడంతస్తులు బకెట్లు మోసి కడిగేవాడెవడూ ఉండడు, ఇది రాసి పెట్టుకో. టెండరు ముసాయిదా తయారయ్యాక నాకు పంపు. నిర్వహణ షరతుల పేజీలు ముందు చదువుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న