పాఠకుల ప్రశ్నలు: పెట్టెల్లో మూలుగుతున్న రంగులూ దారాలూ

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పెళ్లికి ముందు కొనుక్కున్న ఎంబ్రాయిడరీ దారాలు, మా అమ్మాయి చదువుకునే రోజుల నాటి అక్రిలిక్ రంగులు, కుందన్లు, క్రోషే ఊలు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పదు, వాడే తీరికా లేదు. వీధిలో మరో నాలుగైదు ఇళ్లలోనూ ఇదే పరిస్థితి. కిందటేడు అందరం చేరి ఇచ్చిపుచ్చుకోవాలని చూస్తే, జరీ కండె తెచ్చినావిడకు ఎండిన స్కెచ్ పెన్నులు మిగిలి, మాటా మాటా పెరిగింది. ఈసారి ఎలా చేయాలి? పక్కింటి ఒడియావారిని కూడా పిలవవచ్చునా?
- ఒక పాఠకురాలు

జవాబు: జరీ కండె తెచ్చినావిడ బాధ నాకు బాగా తెలుసు. బరంపురంలో మా వీధి గుడి మండపంలో మొదటిసారి మేము చీటీల పద్ధతి పెట్టాము. ఒక వస్తువు తెచ్చినవారికి ఒక చీటీ, ఆ చీటీకి ఒక వస్తువు. వినడానికి న్యాయంగానే ఉంది కాని, గంట తిరక్కుండానే డజను ఎండు పెన్నులకు డజను చీటీలు పుచ్చుకున్నవారు పట్టుదారపు కండెలన్నీ ఏరుకుపోయారు. పోనీ చీటీలకు ధర కడదామంటే అది సంతగా మారింది. అందుచేత లెక్కలు వదిలేసి, గుమ్మం దగ్గర మాత్రం గట్టిగా ఉండమని నా సలహా.

గుమ్మం దగ్గర ఒక బల్ల, చిత్తుకాగితాలు, చెంబుడు నీళ్లు పెట్టి, పని తెలిసిన ఇద్దరిని కూర్చోబెట్టండి. ప్రతి పెన్నూ కాగితం మీద గీయాలి, ప్రతి సీసా మూతా తీయాలి. అక్రిలిక్ రంగు ఒకసారి ఎండితే మళ్లీ నీటికి కరగదు. కుళ్లు వాసన కొట్టినా, ఉండలు కట్టినా మొహమాటపడకుండా తిప్పి పంపండి. నీటిరంగుల బిళ్లలు మాత్రం బీటలు వారినా పనికివస్తాయి, ఎందుకంటే వాటిని పట్టి ఉంచేది తుమ్మజిగురు. తడి చేయగానే అది మళ్లీ కరుగుతుంది. తైలవర్ణాల ట్యూబులు మూత బిగుతుగా ఉంటే ఏళ్ల తరబడి చెడవు. అయితే అవిసెనూనె పీల్చిన పాతగుడ్డలను వాటితో పాటు సంచిలో కుక్కి తేవద్దని అందరికీ ముందే చెప్పండి. అటువంటి గుడ్డలు ముద్దగా పడి ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి.

దారాల విషయంలో చూడవలసింది కాగితపు పట్టీ. రంగు సంఖ్య దాని మీదే ఉంటుంది. అది పోయిందంటే, సగం కుట్టిన పువ్వుకు సరిపోయే ఎరుపు ఏ దుకాణంలోనూ దొరకదు. ఊలు ఉండల మీద రంగు సంఖ్యతో పాటు లాట్ సంఖ్య, అంటే ఒకేసారి రంగు వేసిన విడత సంఖ్య కూడా ఉంటుంది. ఒకే సంఖ్య ఉన్నా లాట్ మారితే ఛాయలో తేడా వస్తుంది కాబట్టి, ఒకే లాటు ఉండలను విడదీయకుండా ఒకరికే ఇవ్వండి. నకిలీ జరీ చెమ్మకు నల్లబడుతుంది. వెలుతురులో కండె చివర విప్పి చూస్తే చాలు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. పూరీ జిల్లా రఘురాజ్‌పూర్‌లోని పటచిత్రకారులు చింతగింజల జిగురుతోనూ సుద్దతోనూ గుడ్డను సిద్ధం చేసి, శంఖం నుంచి తెలుపును, ఇంగిలీకం అనే ఖనిజం నుంచి ఎరుపును, హరిదళం అనే ఖనిజం నుంచి పసుపును తీస్తారు. ఆ ముచ్చటతో ఎవరో ఎప్పుడో కొన్న పొడి పొట్లాలు ఇటువైపు ఇళ్లలో అప్పుడప్పుడు బయటపడతాయి. ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉన్నాయి. పేరు తెలియని ఎర్ర పొడీ, పసుపు పొడీ పిల్లలు చేతులు పెట్టే బల్ల మీదికి రానే రాకూడదు.

ఇక పద్ధతి. మొదటి గంటలో తెచ్చినవి సర్దడమే తప్ప ఎవరూ ఏదీ తీసుకోకూడదు. ఆ తరువాత, నెల లోపల వాడగలిగినంతే తీసుకొమ్మని చెప్పండి. కుట్టుమిషను, గ్లూ గన్ వంటివి ఇచ్చేయనక్కరలేదు. నోటుపుస్తకంలో రాసుకొని అరువిస్తే సరిపోతుంది. మిగిలినవాటిని ఎవరు మోసుకుపోవాలో ముందురోజే తేల్చుకోండి. ఏదో ఒక బడికి పంపేద్దామనుకుంటారు గాని, ప్రధానోపాధ్యాయుణ్ణి అడగకుండా పంపితే మన చెత్త వారి బీరువాలోకి మారుతుంది, అంతే.

ఒడియావారిని పిలవవచ్చునా అని అడిగారు. పిలవకపోతేనే నష్టం. వారు కార్తిక పూర్ణిమ తెల్లవారుజామున బొయిత బందాణ పేరిట అరటిదొప్పలతో, రంగుకాగితాలతో చేసిన పడవలు నీటిలో వదులుతారు. మనకు రంగుపొడులు కావలసి వచ్చేది సంక్రాంతి ముగ్గులకు. ఒకరి అవసరం తీరాక మరొకరిది మొదలవుతుంది కనుక, కార్తిక పూర్ణిమకు వారం ముందు ఒకసారి, ధనుర్మాసంలో ఒకసారి పెట్టుకోండి. వానాకాలం వద్దు, చార్టులు చెమ్మకు ఉబ్బిపోతాయి. అట్టల మీద పేర్లు రెండు లిపులలోనూ రాయించండి. కుంచెను వారు తూళి అంటారు, మన తూలికే అది. నది అవతల పాతపట్నంలో చుట్టాలుంటే వారికీ కబురు పెట్టండి.

ప్రశ్న: ఇలాంటి మార్పిడిలోనే నాకు ఆరు మంచి కుంచెలు వచ్చాయి, కాని అక్రిలిక్ ఎండి చీపురుపుల్లల్లా ఉన్నాయి. బాగుపడతాయా?
- ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: వేడినీళ్లలో మాత్రం పెట్టకండి, వెంట్రుకలను పట్టి ఉంచే జిగురు వదులుతుంది. సర్జికల్ స్పిరిట్ మూతలో పోసి వెంట్రుకల భాగాన్ని మాత్రమే కాసేపు నాననిచ్చి, వేళ్లతో మెల్లగా నలిపి, సబ్బుతో కడగండి. గది కిటికీ తెరిచి ఉంచాలి, దగ్గరలో పొయ్యి ఉండరాదు. లోహపు పట్టీ దాకా రంగు గడ్డకట్టినవి మళ్లీ మొన తేలవు; వాటిని జిగురు రాయడానికి ఉంచుకోండి.