ఆయనకు తెలియకుండా పులుసులో మాత్ర కలపొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయన లారీ మెకానిక్, 42 ఏళ్లు. పన్నెండేళ్లుగా తాగుతున్నారు. ఇప్పుడు పొద్దున లేస్తూనే చేతులు వణుకుతాయి, క్వార్టర్ పడితేగానీ పానా పట్టుకోలేరు. మానాలని ఆయనకూ ఉంది. రెండుసార్లు కొండకెళ్లి గుండు చేయించుకుని ఒట్టు పెట్టుకున్నారు, నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. తాగితే వాంతులయ్యే మాత్ర ఉందట, తెలియకుండా పులుసులో కలిపెయ్యమని మా వదిన అంటోంది. కలపొచ్చా? - ఒక సోదరి

జవాబు: వద్దమ్మా, కలపొద్దు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. మనం మద్యాన్నీ మందే అంటాం, మాత్రనూ మందే అంటాం కాబట్టి ఇక్కడ మద్యం, మాత్ర అని విడివిడిగా రాస్తాను.

మద్యాన్ని లివర్ ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మార్చి, ఆ తర్వాత దాన్ని విరిచేస్తుంది. మాత్ర ఆ రెండో పనిని ఆపేస్తుంది. అప్పుడు గ్లాసు పడితే కాసేపట్లోనే ముఖం, మెడ ఎర్రగా కందిపోతాయి. తలనొప్పి, వాంతులు, గుండెదడ మొదలై బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర మింగిన సంగతే తెలియని మనిషి ఇదేదో పైత్యం అనుకుని ఇంకో పెగ్గు వేసినా వేస్తాడు. తర్వాత విషయం బయటపడితే మీ చేతి సంగటి ముద్ద కూడా అనుమానంగా చూస్తాడు.

చెయ్యి విరిగి పుత్తూరు కట్టు వేయించుకునేవాడు తానే చెయ్యి చాచి కూర్చుంటాడు కదా. ఇదీ అంతే. ఆయన ఒప్పుకోవాలి, రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు మీ ఎదుటే మాత్ర నీళ్లలో కరిగించి తాగాలి. ఈ మాత్ర పనిచేసేదే అలా కళ్లెదుట వేసుకుంటే. చేతికిచ్చి వదిలేస్తే పండగ ముందు రోజు ‘మర్చిపోవడం’ మామూలే. మీరు పోలీసులా నిలబడక్కర్లేదు, పక్కన కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు.

అయితే రేపే మొదలుపెట్టకూడదు. పొద్దున వణుకు అంటే శరీరం మద్యానికి అలవాటుపడిపోయిందని. ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనిపించవచ్చు. మొన్న ఒట్టు నిలబడకపోవడానికి భక్తి చాలకపోవడం కారణం కాదు, శరీరం మద్యానికి ఇలా అలవాటుపడిపోవడమే. అందుకని ముందు డాక్టర్ పర్యవేక్షణలో కొన్ని రోజులు వణుకు తగ్గే మందులు, బీ1 విటమిన్ ఇస్తారు. లివర్ పరీక్ష, ఈసీజీ చూస్తారు. పూర్తిగా మానిన కనీసం 24 గంటల తర్వాతే ఈ మాత్ర.

మొదలుపెట్టాక దగ్గు సిరప్పులు, దశమూలారిష్టం లాంటి అరిష్టాలు ముట్టకూడదు, వాటిలోనూ ఆల్కహాల్ ఉండొచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు, ‘నిన్ననే ఆపేశాగా’ అని తాగితే అదే గతి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించండి.

గుండెజబ్బు, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఈ మాత్ర పడదు. వాళ్లకు నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి ఉన్నాయి, వాటితో వాంతుల బెదిరింపు లేదు.

తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. వెళ్లేలోపు మాట్లాడాలంటే వ్యసనాలు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు. ఆయన షుగర్, బీపీ సంగతి మీరు రాయలేదు. వాడే మాత్రలుంటే చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి.